చెవి సారు చేసిన రెండో పెళ్లి

ఆ రోజుల్లో మా ఊళ్లో పుట్టడం ఒక పని, పుట్టినరోజు రావడం ఇంకో పని. మొదటిది మంత్రసాని చూసుకునేది, రెండోది మా ఎలిమెంటరీ స్కూలు సారు. ఈ రెండు పనులకూ నడుమ అయిదేళ్లు ఖాళీ. ఆ అయిదేళ్లూ మనిషికి ఆకలి ఉండేది, జలుబు ఉండేది, వయసు మాత్రం ఉండేది కాదు. అయిదు నిండాయా లేదా అన్నది తేల్చడానికి సారు దగ్గర ఒక శాస్త్రం ఉండేది. పిల్లవాడు కుడి చేతిని తల మీదుగా అవతలికి పోనిచ్చి ఎడమ చెవిని పట్టుకోవాలి. అందితే అయిదేళ్లు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడాది రావాలి. చెవి పట్టుకుని బళ్లోకి వచ్చినవాడికి ఆ తర్వాత అయిదేళ్ల పాటు అదే చెవి పట్టుకుని సారు చదువు చెప్పేవాడు. ఆయనకు చెవి సారు అనే పేరు ఎలా వచ్చిందని ఇంకా ఎవరైనా అడిగితే, వాళ్ల చెవి కూడా ఒకసారి చూడాల్సిందే.

ములకలపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట మా ఊరు. (ఊరు ఎక్కడ అయిపోయి అడవి ఎక్కడ మొదలవుతుందనే విషయంలో మా నాన్నకూ అడవి గార్డుకూ చాలా ఏళ్లు అభిప్రాయభేదం నడిచింది.) సారు పెనుబల్లి దిక్కు మనిషి. పాతికేళ్లు దాటిన వయసులో సైకిలు మీద ఒక ట్రంకు పెట్టె కట్టుకుని వచ్చి, ఏడాదిలో బదిలీ చేయించుకుని పోతానన్నాడట. ముప్పై ఏళ్లు పోలేదు. బదిలీ కాగితం వాగు దాటలేక దారిలో ఎక్కడో ఆగిపోయిందని ఊరు జాలిపడింది. అది వచ్చిందనీ, రెండుసార్లు వచ్చిందనీ, ఆయన దాన్ని మడిచి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా సందులో పెట్టాడనీ సారమ్మ, అంటే ఆయన భార్య, చాలా కాలానికి బయటపెట్టింది. మేము "ఏంది సారూ" అంటే ఆయన "ఏమిట్రా" అనేవాడు. ఆ "ఏమిట్రా" మాకు సగం ఇంగ్లీషులా వినిపించేది. ఇప్పపూలు రాలే రోజుల్లో కోయగూడెం పిల్లలు తెల్లారకముందే అడవిలో ఉండేవారు కనుక, సారు హాజరు పట్టీ చంకలో పెట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగి హాజరు వేసేవాడు. ఆయన మాట్లాడే కోయ భాషకు గూడెం పెద్దవాళ్లు మర్యాదగా తల పక్కకు తిప్పుకుని నవ్వేవారు. ఆయన మెచ్చుకున్నారనుకుని ఇంకాస్త మాట్లాడేవాడు.

ఇక పుట్టినరోజుల సంగతి. చుట్టుపక్కల బళ్లలో సార్లు ఎవడొచ్చినా జూలై ఒకటి అని రాసి పడేసేవారు. ఆ లెక్కన ఆ ఊళ్లలో మంత్రసానికి ఏడాదిలో ఒక్కరోజే పని, మిగతా రోజులన్నీ సెలవు. మా సారుకు అది పెద్ద పాపంలా తోచేది. తల్లిని కూర్చోబెట్టి కేసు విచారించినట్టు విచారించేవాడు.

"ఎప్పుడు పుట్టాడమ్మా వీడు?"

"దుమ్ముగూడెం కాడ గోదారి కట్టలెక్కిన యేడు సారూ."

"నెల?"

"ఇప్పపూలు రాలుతుండె."

"మొదట్లో రాలేటప్పుడా, చివర్లోనా?"

"రాలేటివి రాలంగనే ఏరుకున్నం సారూ, మొదలేందో చివరేందో మాకేమెరుక."

సారు అలా తేల్చిన నెలకు పదిహేనో తారీఖు వేసేవాడు. తారీఖు తెలియనప్పుడు నెల నడుమ వేస్తే ఎవరికీ అన్యాయం జరగదన్నది ఆయన సిద్ధాంతం. జేబులో రెండు పెన్నులుండేవి. నీలం పెన్ను రాయడానికి, ఎర్ర పెన్ను జేబుకు అందం. అడ్మిషన్ రిజిస్టరులో ఎర్ర సిరా పడలేదనీ, ఒక్క కొట్టివేత కూడా లేదనీ ఆయనకు మహా గర్వం. ఊళ్లో ఎవరైనా పొలం గురించి చెప్పుకుంటే, ఎడ్ల గురించి చెప్పుకుంటే, ఆయన నోరు మెదపకుండా విని, చివర్లో "నా రిజిస్టరులో కొట్టివేత లేదు" అనేవాడు. పొలాలున్నవాళ్లు తలగుడ్డలు దులుపుకుని లేచిపోయేవారు.

అలాంటి మహానుభావుడి రిజిస్టరులోకి నేను ప్రవేశించిన తీరు చెప్పాలి. ఇరవై అయిదుగురు లేకపోతే బడి ఎత్తేస్తారని ఆ ఏడు పైనుంచి కాగితం వచ్చింది. మా అన్నను చేర్చుకుంటే ఇరవై నాలుగు. అన్నకు చెవి అందింది. వాడు వరికోతల్లో పుట్టాడని అమ్మ చెప్పింది, నవంబరు పదిహేను రాశాడు. వాడి వెనక నేను అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. సారు నన్ను చూశాడు. ఆ చూపులో వాత్సల్యం ఉందని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను మాత్రం అందులో ఇరవై అయిదు అనే అంకె చూశాను (అప్పటికి నాకు అంకెలు రావు, అది వేరే సంగతి). చేయి తల మీద పెట్టమన్నాడు. పెట్టాను. అది నడినెత్తి దాటి పోలేదు. తల వంచమన్నాడు. వంచాను. ఇంకా బెత్తెడు తక్కువ. అప్పుడు సారు వంగి, నా ఎడమ చెవిని రెండు వేళ్లతో పట్టుకుని, ఆకాశం వైపు లాగి, నా వేళ్లకు అందించాడు. చేయి చెవి దగ్గరికి పోకపోతే చెవే చేయి దగ్గరికి రావాలన్నమాట. నేను ఏడ్చిన ఏడుపుకు బడి నిలబడింది. మిరపకోతల్లో పుట్టానని అమ్మ చెప్పగానే మార్చి పదిహేను అని నిజమే రాశాడు. సంవత్సరం మాత్రం ఒకటి వెనక్కి జరిపాడు. పక్కపక్క వరుసల్లో నవంబరులో మా అన్న, ఆ వెంటనే వచ్చిన మార్చిలో నేను. అసలు పదహారు నెలల తేడా, రిజిస్టరులో నాలుగు నెలలకు దిగిపోయింది. తర్వాత పదమూడేళ్ల పాటు ఈ సంగతి ఎవరూ గమనించలేదు. మా చదువులను ఎవరూ అంత శ్రద్ధగా గమనించలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

గమనించినవాడు కొత్తగూడెంలో ఒక ఆఫీసు క్లర్కు. (ఆఫీసు పేరు చెప్పను. ఉద్యోగం పేరు కూడా అనవసరం, అది నాకు రాలేదు.) టెన్త్ అయ్యాక ఇద్దరం పరీక్ష రాశాం, ఇద్దరి పేర్లూ లిస్టులో వచ్చాయి. ఊళ్లో మొదటి సర్కారు కొలువులు, అదీ ఒకే ఇంట్లో రెండు. మా నాన్న రెండు కొబ్బరికాయలు కొట్టి, రెండూ కుళ్లిపోయి ఉంటే "మంచి శకునమే" అన్నాడు. పద్దెనిమిది నిండి ఉండాలన్నది ఒక్కటే షరతు. రిజిస్టరు ప్రకారం నాకు రెండు నెలల కిందటే నిండాయి. సర్టిఫికెట్లు చూపించడానికి పోయిన రోజు క్లర్కు కళ్లజోడు పైకి జరిపి, మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టాడు.

"మీరిద్దరు సొంత అన్నదమ్ములేనా?"

"అవ్ సార్," అన్నాడు మా అన్న. వాడు చిన్నప్పటినుంచీ అబద్ధం ఆడడు, నవ్వడు.

"ఒక్క తల్లి కడుపులనే పుట్టినరా?"

"అవ్ సార్."

"నాలుగు నెలల తేడాతోనా? గదెట్లయితదయ్యా?"

అన్న నావైపు చూశాడు. ఇలాంటి చోట్ల నోరు మూసుకోవాలని నాకు ఇప్పుడు తెలుసు.

"మా ఇంట్ల అందరికీ జల్దీ ఎక్కువ సార్," అన్నాను.

క్లర్కు ఫైలు మూశాడు. వారంలో బడి నుంచి సరైన సంజాయిషీ తేకపోతే ఇద్దరి పేర్లూ కొట్టేస్తానన్నాడు. నేను ఒక్క మాటతో రెండు కొలువులకు ఎసరు పెట్టానని అన్న బస్సులో అయిదారుసార్లు గుర్తు చేశాడు. మిగతా దారంతా ఊరకే ఉండి ఇంకా ఎక్కువగా గుర్తు చేశాడు.

సారు అప్పటికి రిటైరై రెండేళ్లు. బళ్లో కొత్త సారు ఉన్నా, ఈయన రోజూ పొద్దున్నే వచ్చి బడి వరండాలో కూర్చునేవాడు. కొత్త సారు వచ్చే బస్సు ఆలస్యమైతే (కాని రోజు నాకు గుర్తు లేదు) ఈయనే గంట కొట్టి, ప్రార్థన చేయించి, ఎక్కాలు మొదలుపెట్టించి, బస్సు హారను వినగానే గబగబా పోయి స్తంభానికి ఆనుకుని రిటైరైనవాడిలా కూర్చునేవాడు. మా గోడు విని, రిజిస్టరు తెప్పించి చూశాడు. మొహం మాడింది. చాలాసేపు ఆ రెండు వరుసలనూ చూపుడువేలితో తడుముతూ, "నెల తప్పు లేదు," అన్నాడు. ఇంకాసేపటికి, "తారీఖూ తప్పు లేదు," అన్నాడు. సంవత్సరం జోలికి పోలేదు.

"సారూ, నిజం చెప్పేద్దాం," అన్నాడు అన్న.

"కొట్టివేత పడుతుందిరా," అన్నాడు సారు, తనకు వాత పెడతామన్నట్టు. "నేనే వచ్చి మాట్లాడతాను. మీరు నోరు విప్పకండి. ముఖ్యంగా నువ్వు," అని నా చెవివైపు చూశాడు.

మర్నాడు ఉతికిన ధోవతి కట్టుకుని, గొడుగు పట్టుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని కొత్తగూడెం వచ్చాడు. క్లర్కు ఎదుట నిలబడి గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ల అనుభవం, ఆవుమీద వ్యాసం నుంచి భిన్నాల దాకా నోటికొచ్చిన మనిషి, ఏం చెబుతాడో అని నేను గర్వంగా చూస్తున్నాను.

"వీళ్ల నాన్నకు ఇద్దరు భార్యలండీ," అన్నాడు.

అన్న చేతిలోని ఫైలు కింద పడింది. అప్పటి రిజిస్టర్లలో తండ్రి పేరే ఉండేది, తల్లి పేరు రాసే గడి ఉండేది కాదు. మహిళలకు జరిగిన ఆ అన్యాయాన్ని మా సారు ఆ పూట పూర్తిగా వాడుకున్నాడు. క్లర్కు మొహం వెలిగింది. చిక్కుముడి విడిపోయిన ఆనందం అది. "గట్ల చెప్పండి మరి!" అని రాసుకుని, విచారణకు ఎమ్మార్వో ఆఫీసు నుంచి గిర్దావరు (అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఊరికి వస్తాడనీ, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే చాలనీ చెప్పాడు.

తిరుగు బస్సులో అన్న అడిగాడు: "సారూ, అమ్మకెవరు చెప్పాలె?"

సారు కిటికీలోంచి అడవిని చూశాడు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న అడవే. ములకలపల్లిలో ఎవరినో చూడాలని చెప్పి దిగిపోయాడు. మా ఊళ్లో తప్ప ఆయనకు ఎక్కడా ఎవరూ లేరని బస్సులో అందరికీ తెలుసు. ఆ అందరిలో మా వీధి చివరి అక్క కూడా ఉంది. ఆ అక్క బస్సు దిగి మాకంటే ముందు నడిచింది. ఆమె అంత వేగంగా నడవగలదని నాకు అప్పుడే తెలిసింది.

మేము ఇంటికి పోయేసరికి అమ్మ చేట పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. బియ్యం చెరగడానికి కాదు.

"ఏడున్నదయ్యా ఆమె? ఏ ఊర్ల పెట్టినవ్?"

మా నాన్న ఊళ్లో అందరికంటే నోరు లేని మనిషి. గొడ్డలి కొనాలన్నా అమ్మను అడిగే కొనేవాడు. "ఎవరే? నాకెవరున్నరే?" అని తిరిగి తిరిగి అదే అన్నాడు. అయితే ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురు మగవాళ్లు అరుగు మీదికొచ్చి "ఏమో అనుకున్నం గని, గట్టోడివే" అని పోయాక, నాన్న లోపలికి పోయి అద్దం ముందు మీసం దువ్వుకున్నాడు. చేట రెండోసారి లేచింది అప్పుడే.

సంగతి మొత్తం మేము చెప్పాక అమ్మ చేట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, నేరుగా సారు ఇంటికి నడిచింది, వెనకే మేము. ఆయన అప్పుడే దొడ్డిదారిన చేరుకున్నట్టున్నాడు, గొడుగు ఇంకా చేతిలోనే ఉంది.

"ఏం సారూ, నా మొగనికి పెండ్లి చేసినవట. నన్ను పిలువనన్న పిలువకపోతివి."

సారమ్మ లోపల నవ్వు ఆపుకోలేక టీ గ్లాసులు చప్పుడు చేసింది. సారు అరుగు మీద కూర్చుని, తప్పు చేసిన మూడో తరగతి పిల్లవాడిలా నేలచూపులు చూశాడు. "ఈ చిన్నోడి వయసు నేనే ఏడాది ఎక్కువ రాశానమ్మా. బడికి ఒకడు తక్కువయ్యాడు. అప్పుడు ఎత్తేస్తే మళ్లీ పెట్టేవాళ్లు కాదు," అన్నాడు.

అమ్మ తల తిప్పి బడి ఉన్న దిక్కు చూసింది. ఆ బడిలోనే మా అన్న సంతకం నేర్చుకుని వచ్చి, అమ్మకు కూడా గోడ మీద బొగ్గుతో నేర్పాడు. రేషన్ షాపులో వేలిముద్ర వేయని ఆడమనిషి మా వీధిలో ఆమె ఒక్కతే.

"ఇప్పుడు నిజం చెప్తే ఏమైతది?"

"పెద్దోడి ఉద్యోగం ఉంటుంది. చిన్నోడిది పోతుంది. నా రిజిస్టరు..." అని ఆగాడు.

"ఊ," అంది అమ్మ. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, లేచింది. "సరే తియ్. నేను చిన్నదాన్ని. పెద్దది సచ్చిపోయిందని చెప్త."

పెద్దభార్య, చిన్నభార్య రెండు ఖాళీలున్నప్పుడు ఏ ఆడమనిషైనా ఏది ఎంచుకుంటుందో నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

మూడో రోజు గిర్దావరు వచ్చాడు. బడి వరండాలో కుర్చీ వేశారు. ఊరంతా వచ్చింది. కోయగూడెం నుంచి కూడా వచ్చారు, సారుకేదో మాట పడుతుందని విని. నాన్నను ముందు నిలబెట్టి, నోరు తెరవొద్దని అమ్మ చెప్పింది. అది ఆయనకు చేతనైన పని.

"అవ్ సారూ, నేను చిన్నదాన్ని," అంది అమ్మ. "పెద్దామె సచ్చిపోయింది."

"పేరేందమ్మా ఆమెది?"

ఇది ఎవరూ అనుకోలేదు. మూడు రోజులు కూర్చుని ఆమెను పుట్టించి, పెళ్లి చేసి, చంపిన మేము ఆమెకు పేరు పెట్టడం మర్చిపోయాం.

"పేరా... పేరు పెట్టి ఎట్ల పిలుస్త సారూ? అక్కా అనే పిలిస్తి."

"ఎట్ల పోయింది?"

"జొరమొచ్చి. మంచిది సారూ, ఒక్కనాడు నన్నొక్క మాట అనలే." అమ్మ కొంగు కళ్లకు అద్దుకుంది. లేని మనిషి కోసం అంత చక్కగా ఏడ్చినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. వెనక ఒకరిద్దరు ముసలమ్మలు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆ పెద్దామె మంచిదని వాళ్లకీ గుర్తొచ్చినట్టుంది. నేను నవ్వు బిగబట్టి స్తంభం చాటుకు జరిగాను.

గిర్దావరు రాసుకుంటూ మా అన్న వైపు కలం చూపించాడు. "అయితే ఈ పెద్ద పిలగాడు నీ కడుపున పుట్టినోడు కాదు. గంతేనా? ఆ ఒక్క మాట చెప్పమ్మా, రాసుకుంట."

"వీడు..." అంది అమ్మ.

అన్న ఆమె వైపే చూస్తున్నాడు. వాడు పుట్టినప్పుడు వరి కోస్తున్న అమ్మ కోయడం ఆపి గట్టు మీద పడుకుని కన్నదట. ఆ కథ మా ఇంట్లో ఏటా కోతలకు ఒకసారి నడిచేది.

"వీడు..." అంది మళ్లీ. పెద్దభార్యను జ్వరంతో చంపగలిగిన నోరు అక్కడ ఆగిపోయింది. "వీడు సారూ..."

నా నవ్వు ఎటు పోయిందో నాకు తెలియలేదు.

సారు వరండా చివరి నుంచి లేచి, కొత్త సారు చేతిలోని రిజిస్టరు తీసుకున్నాడు. "ఆమె చెప్పలేదండీ, చెప్పదు. నేనే చెప్పించాను," అన్నాడు. కుర్చీ కూడా అడగలేదు. గోడకు పెట్టి, జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. ముప్పై ఏళ్లుగా అందానికి ఉన్న పెన్ను కదా, రాయలేదు. విదిలించాడు, నాలుక మీద పెట్టుకున్నాడు, మళ్లీ విదిలించాడు. మూడోసారికి సిరా వచ్చింది. నా వరుసలో సంవత్సరం మీద అడ్డంగా ఒక గీత గీసి, పైన నిజం సంవత్సరం వేసి, పక్కన "పొరపాటు నాది" అని రాసి సంతకం పెట్టాడు. నాలుక ఎర్రగా ఉంది. 

గిర్దావరు వంగి ఆ గీతను చూశాడు. "మీరు రిటైరైనోళ్లు కద సార్. మీ కొట్టివేత చెల్లదు."

జీవితంలో ఒక్క కొట్టివేత వేస్తే అదీ చెల్లలేదు. కొత్త సారు ముందుకొచ్చి దాని కింద తన సంతకం పెట్టాడు (ఆ రోజు బస్సు టైముకే వచ్చింది, అదొక్కటే అదృష్టం). గిర్దావరు సారమ్మ వండిన కంది పచ్చడితో భోంచేసి, రెండోసారి పచ్చడి వేయించుకుని, "రాతలో పొరపాటు" అని రిపోర్టు రాసి పోయాడు. నాన్న ఆ రాత్రి నుంచి మీసం దువ్వుకోవడం మానేశాడు.

అన్నకు కొలువు వచ్చింది. నేను పదిహేడేళ్లవాణ్ణై ఊళ్లో మిగిలాను. పదిహేడేళ్లు రెండుసార్లు నిండే భాగ్యం అందరికీ దొరకదు. ఆ ఏడంతా సారు వరండాలో నా చెవి ఆయనకు అందుబాటులో ఉంది, భిన్నాలు మళ్లీ మొదటినుంచి చెప్పాడు. తర్వాతి పరీక్షలో నాకూ ఒక కొలువు వచ్చింది. రిజిస్టరు పాడైంది కదా అని నేను ఒకరోజు ఎగతాళిగానే అడిగాను: "ఇంతకూ నీ పుట్టినరోజు ఎప్పుడు సారూ?"

"జూలై ఒకటి," అన్నాడు. కాసేపు ఎక్కాలు వల్లిస్తున్న పిల్లలను చూసి, "మా సారుకు ఓపిక లేదురా," అన్నాడు.

ఆయన పోయినప్పుడు కోయగూడెం మొత్తం వచ్చింది. పుట్టిన తిథి, నక్షత్రం ఏమిటని పంతులు అడిగితే ఎవరికీ తెలియలేదు. ఊళ్లో రెండు తరాలకు పుట్టినరోజులు పంచిన మనిషికి సొంతానికి ఒకటి లేదు. మేము నలుగురం ఆలోచించి, ఆయన మా ఊరికి వచ్చింది మామిడి పూత మీద అని ఎవరో ముసలాయన అంటే, జనవరి పదిహేను అని తేల్చాం. నెల నడుమ వేస్తే ఎవరికీ అన్యాయం జరగదు.

నాకిప్పుడు రిటైర్మెంటు దగ్గర పడింది. నిజం సంవత్సరం ప్రకారం పోతున్నాను కనుక ఒక ఏడు ఆలస్యంగానే వస్తోంది, అదీ సారు ఎర్ర సిరా పుణ్యమే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి కుడి చేతిని తల మీదుగా పోనిస్తుంటాను. నెత్తిన జుట్టు కూడా అడ్డం లేదిప్పుడు. చెవి అందుతుంది. కాకపోతే, ఇంకెవరో కాస్త పైకి లాగి అందిస్తున్నట్టే ఉంటుంది.